బాట కొలిచినవారు, బాట వ్రాసినవారు

సికింద్రాబాదునుండి తూర్పుగా వరంగల్లు వైపు పోవు బాటలో తార్నాక, హబ్సీగూడలు దాటిన పిమ్మట ఉప్పలు వచ్చును. హబ్సీగూడవద్ద ఎడమచేతి వైపునకు తిరిగినచో నాచారము. ఈ కొలది మైళ్ల బాట ప్రక్కన శాస్త్రపరిశోధనాలయములు ఒకదాని తరువాత ఒకటి వెలసినవి. 1944లో ఆరంభమై నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థయని పిలువబడునది తార్నాకలో నున్నది. 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థయు, 1987లో నూతన భవనములు ప్రారంభమైన కణజీవశాస్త్ర పరిశోధనా కేంద్రమును ఆ పైని వచ్చును. ఉప్పలులో భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణాలయ మున్నది. నాచారమునకు ఈశాన్యముగా, 1967లో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనున్నది. మన దేశమున తయారై విక్రయింపబడిన తొలి కంప్యూటర్లు అచ్చటి కర్మాగారమున రూపొందినవే.

వీరిలో భూభౌతికులును, సర్వేయర్లును ఒక విషయమున ఇతరులకు భిన్నులు. వారి పని గదిలో జరుగదు. యంత్రమును వెంటబెట్టుకొని ఊరూరు తిరుగవలెను. కొండ ఎక్కవలెను, ఏరు దాటవలెను. చూచినదానిని ఆ పూటనే వ్రాసికొనవలెను. ఆ వ్రాసికొను పుస్తకమునకు వారు ఫీల్డుబుక్కని పేరు పెట్టుకొన్నారు. అందులో స్థలము, తేది, వేళ, యంత్రము చూపిన అంకె ఉండును. నాడు ఎండ ఎట్లుండెనో, మంచినీళ్లిచ్చిన యిల్లాలు ఏమనెనో, అద్దెకు వచ్చిన బండివాడు దారిలో ఏమి చెప్పెనో, అవి అందు ఉండవు. ఉండకూడదు గూడ, ఆ పుస్తకమును చదువువాడు కోరునది అంకెలనే.

ఈ సంగతి పైకి చిన్నదిగా కనబడును గాని, మన దేశమున యాత్రలను గూర్చియు, యంత్రములను గూర్చియు స్వయముగా చూచి వ్రాసినవారి చరిత్ర అంతయు దీనియందే యిమిడి యున్నదని నాకు తోచును. ఎవరు వ్రాసిరి అను ప్రశ్నకంటె, ఎవరు చదువుదురని వ్రాసిరి అను ప్రశ్నయే ముఖ్యము.

ఉప్పలునకు దక్షిణముగా, చాల దూరము గాకయే, హయాతునగరము గలదు. గోలకొండనుండి మచిలీపట్టణమునకు పోవు పాత బాట ఆ దిక్కుననే పోయెడిది. పదునేడవ శతాబ్దమున ఆ బాటవెంట పలుమారులు నడచిన పరాసు రత్నవర్తకుడు తావెర్నియే. అతని యాత్రాగ్రంథము 1676లో పారిసున అచ్చయినది. గోలకొండనుండి మచిలీపట్టణమునకు నూరు క్రోసులని అతడు లెక్క చెప్పెను. మజిలీల పేర్లు వరుసగా ఇచ్చెను. కొల్లూరు గనులలో వజ్రములను ఎట్లు వెదకుదురో, ఎట్లు తూచి బేరమాడుదురో శ్రద్ధతో వర్ణించెను. అతనిని చదువువారు వజ్రములు కొనగల ప్రభువులు, వానిని తెచ్చి అమ్మగల వర్తకులు. కావున మన పూర్వులు అతని గ్రంథమున గనిలో త్రవ్వువారుగను, సుంకము వసూలు చేయువారుగను కనబడుదురు. అంతకుమించి వారిని గూర్చి వినవలెనని అతని పాఠకులకు కుతూహలము లేదు.

తావెర్నియే దూరములు నోటి మాట లెక్కలు. భూమిని నిజముగా కొలుచు విద్య మన దేశమున పెద్ద యెత్తున 1802లో మొదలయినది. ఆ సంవత్సరము ఏప్రిలు నెలలో చెన్నపట్టణము దగ్గర పరంగికొండ ప్రాంతమున విలియం లాంబ్టను అను సేనాధికారి నూరడుగుల ఉక్కు గొలుసుతో ఒక సరళరేఖను కొలిచెను. దాని రెండు కొనలనుండి మూడవ స్థలమును చూచి కోణములు కొలిచినచో, తక్కిన రెండు భుజముల పొడవు గొలుసు తాకకయే లెక్కకు వచ్చును. ఆ భుజములపై మరల త్రిభుజములు, వానిపై మరికొన్ని. ఇట్లు త్రిభుజముల గొలుసు దేశమంతట అల్లుకొనుచు పోయెను. కోణములు కొలుచు యంత్రము థియొడొలైటు. లాంబ్టను పెద్ద యంత్రము అర టన్ను బరువుండెను. దాని చక్రము మూడడుగుల వెడల్పు. లండనునుండి ఓడలో వచ్చుచుండగా పరాసువారు దానిని పట్టుకొని మారిషసుద్వీపమునకు కొనిపోయిరి. పిమ్మట మర్యాదతో తిరిగి పంపించిరి. 1808లో తంజావూరి గుడిగోపురముపైకి లాగుచుండగా త్రాడు తెగి గోడకు కొట్టుకొని చక్రము వంగిపోయెను. లాంబ్టను గుడారమున కూర్చుండి, వారములకొలది శ్రమపడి, దానిని తానే సరిచేసికొనెను.

ఆ పని 1815 నాటికి బీదరు ప్రాంతమునకు చేరెను. లాంబ్టను హైదరాబాదును తన నెలవుగా చేసికొనెను. 1818 చివర ఇరువదియెనిమిదేండ్ల జార్జి ఎవరెస్టు సహాయకుడుగా వచ్చి అతనిని హైదరాబాదుననే కలిసికొనెను. మరుసటి యేడు అతనిని కృష్ణా గోదావరుల నడిమి అడవులలో త్రిభుజములు కట్టుటకు పంపిరి. ఆ కాలపు సర్వేయర్లు వానకాలముననే పని చేసెడివారు. ఎందుకనగా ఎండకాలపు దుమ్మును వాన అణచివేయును. గాలి తేటపడి ఇరువది ముప్పది మైళ్ల దూరమునందలి కొండకొమ్ము గూడ స్పష్టముగా కనబడును. కాని ఆ వానలే అడవిజ్వరమును కూడ తెచ్చును. ఎవరెస్టుకు జ్వరము తగిలెను. అతని పరివారమున దాదాపు నూటయేబదిమంది పడకపట్టిరి. హైదరాబాదునుండి ఏనుగులను, డోలీలను పంపించి వారిని మోసికొని రావలసివచ్చెను. పదిహేనుగురు మరణించిరి. ఎవరెస్టు కోలుకొనుటకై 1820లో దక్షిణాఫ్రికాకు పోయెను. లాంబ్టను 1823 జనవరిలో నాగపురపు దారిలో హింగన్‌ఘాటువద్ద కన్నుమూసెను. 1865లో లోకమునందెల్ల ఎత్తయిన శిఖరమునకు ఎవరెస్టు పేరు పెట్టిరి. ఆ పదిహేనుగురి పేర్లు లోకమునకు తెలియవు.

ఎవరెస్టు దక్కను మధ్యాహ్నరేఖను గూర్చిన తన గ్రంథమును 1830లో ప్రకటించెను. అది బీదరు దగ్గరి దామరగిద్దనుండి ఉత్తరముగా సాగిన కొలత. తప్పులు వెదకి దిద్దుటలో అతని నిష్ఠ అసాధారణము. దానిని చిన్నబుచ్చుట నా ఉద్దేశము గాదు. ఆ గ్రంథము కుంపిణీ సర్కారునకును, ఐరోపా జ్యోతిశ్శాస్త్రజ్ఞులకును వ్రాయబడినది. వారికి కావలసినది అంతయు అందున్నది.

ఈ సర్వేపనులలో మనవారు మోతగాండ్రుగను, గొలుసు పట్టువారుగను మాత్రమే ఉండిరనుకొనుట పొరపాటు. లాంబ్టనుకంటె ముందే నైజాము రాజ్యమున సర్వే చేసిన కాలిన్ మెకంజీవద్ద ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు పనికి కుదిరిరి. పెద్దవాడు వెంకట బొఱ్ఱయ్య 1796 ప్రాంతమున చేరెను. మెకంజీకి సంస్కృతము గాని, దేశభాషలు గాని రావు. ఊరిలో ప్రవేశించి కరణముతో మాటలాడి, గుడిలోని శాసనమును చదివి, వృద్ధులు చెప్పిన కథ విని, ఆ గ్రామపు కైఫీయతు వ్రాయించి తెచ్చుట బొఱ్ఱయ్య పని. అతని క్రింద పలువురు గుమాస్తాలు దేశమంతట తిరుగుచు, ఏ దినమున ఏ యూరిలో నుంటిమి, ఏమి దొరకెను, ఎవరు చూపించిరి, ఎవరు కాదనిరి అని నివేదికలు పంపుచుండెడివారు. నాకు తెలిసినంతలో, ఆధునిక కాలమున తెలుగువారు పద్ధతిగా వ్రాసిన యాత్రాదినచర్యలలో మొదటివి ఇవియే. బొఱ్ఱయ్య 1803లో ఇరువదియేడేండ్లయిన నిండకయే మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ స్థానమున నిలిచెను.

1821లో మెకంజీ కలకత్తాలో మరణింపగా, ఆ సంచయమునంతటిని కుంపిణీవారు లక్ష రూపాయలిచ్చి అతని భార్యవద్ద కొనిరి. మిగిలిన పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య సర్కారును వేడుకొనెను. ఇరువది యేండ్లకు పైగా ఆ కాగితములతోనే బ్రదికిన మనుష్యుడు! వంగదేశపు ఆసియాటిక్ సొసైటీవారిని అభిప్రాయ మడిగిరి. 1836లో ప్రిన్సెపు మొదలగు పండితులు, ఇట్టి కార్యమునకు దొర పర్యవేక్షణ ఉండవలెనే గాని లక్ష్మయ్య యోగ్యత చాలదని తేల్చిరి. కట్టలు కట్టలుగానే పడియుండెను. తరువాత బ్రౌను దొర పూనికవలన కొన్ని కైఫీయతులకు ప్రతులు వ్రాయబడినవి; పెక్కు నేడును చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకాలయమున నున్నవి. చదువవలసిన దొర పోయిన పిమ్మట, ఆ వ్రాతకు దిక్కులేకపోయినది.

సరిగా ఈ సంవత్సరములలోనే, అదే చెన్నపట్టణమున, మరియొక తెలుగువాడు మరియొక విధముగా యాత్ర చేసి మరియొక విధముగా వ్రాసెను. ఆయన ఏనుగుల వీరాస్వామయ్య. సుప్రీముకోర్టులో ద్విభాషి, ఇంగ్లీషు, తమిళము, సంస్కృతము తెలిసినవాడు. 1830 మే 18వ తేదీన దాదాపు నూరుమంది పరివారముతో కాశీకి బయలుదేరెను. 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరెను. పదునైదు మాసముల పైని పదునైదు దినములు. రైలు లేదు, తంతి లేదు. పల్లకి, బోయీలు, డేరాలు, కావడులు, నదులవద్ద పడవలు. ఇవియే ఆయన యంత్రసామగ్రి.

బయలుదేరునపుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ యను మిత్రుడు ఒక కోరిక కోరెను: దారిలో చూచినదెల్ల ఎప్పటికప్పుడు నాకు వ్రాసి పంపుడు, అని. వీరాస్వామయ్య అట్లే చేసెను. ఒక దొరకు నివేదిక పంపుచున్నట్లు గాక, రేపు ఇదే దారిని రాదలచిన చెలికానికి చెప్పుచున్నట్లు వ్రాసెను. ఈ ఒక్క భేదమువలన గ్రంథమంతయు వేరు రూపు దాల్చినది.

తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము చూచికొని, కృష్ణ దాటి, పాలమూరు సీమమీదుగా ఆయన హైదరాబాదు చేరెను. నాసిరుద్దౌలా సింహాసన మెక్కి ఒక యేడయినది. అధికారమంతయు చందూలాలు చేతిలో నుండెను. అచ్చటనుండి మేడ్చలు, రామాయంపేట, నిర్మల మార్గమున నాగపురమునకును, అటనుండి జబ్బలుపురము, ప్రయాగ, కాశీలకును పోయెను. ప్రతి మజిలీలోను ఆయన చూచినవి ఇవి: నిన్నటి యూరినుండి నేటి యూరికి ఎంత దూరము, బాట యిసుకయా, రాతినేలయా, రేగడియా, రేగడియైనచో వాన కురిసిన మరునాడు బోయీలు నడువగలరా, నడుమ ఏరున్నదా, పడవ దొరకునా, ఊరిలో అంగడి కలదా, బియ్యము, నెయ్యి, కట్టెలు దొరకునా, దిగుటకు సత్రమా, తోపా, గుడి మండపమా, నీరు బావినీరా, చెరువునీరా, దొంగల భయమెంత. హైదరాబాదునకు వచ్చు దారిలో జమీందారుల కలహములవలన పల్లెలు ఎట్లు కొల్లపోవుచున్నవో గూడ దాచక వ్రాసెను.

ఎవరెస్టు పదునొకండేండ్ల క్రిందట జ్వరముతో పడియుండినది ఈ హైదరాబాదు దేశమే, ఇట్టి వానకాలముననే. వాన ఒకరికి గాలిని శుభ్రపరచు సాధనము. మరియొకరికి రేగడిలో బోయీల కాళ్లకు అంటుకొను బురద. రెండును నిజములే. రెండును అవసరములే. కాని ఆనాటి బాటసారి జీవితము ఎట్టిదో తెలిసికొనగోరువానికి రెండవ వ్రాతయే శరణ్యము.

వీరాస్వామయ్య వట్టి భక్తుడని తలపరాదు. కోర్టులో సాక్షుల మాటలను ఒక భాషనుండి మరియొక భాషకు తప్పుపోకుండ మార్చుట ఆయన వృత్తి. ఆ వృత్తిలోని జాగ్రత్త ఆయన యాత్రలో కనబడును. విన్నదానిని విన్నట్లు, చూచినదానిని చూచినట్లు వేరుచేసి చెప్పును. దేశము మారినకొలది కొలతలు, నాణెములు, భాష, వంట, ఆచారము మారుటను గమనించును. ఆయనకు థియొడొలైటు లేకపోవచ్చును. కాని ఒక మాపకము కలదు. అది, తన వెనుక వచ్చువానికి ఇది పనికివచ్చునా అను ప్రశ్న. ఆయన భాషయు ఆ ప్రశ్నకు తగినట్లే యుండెను. చెన్నపట్టణపు పెద్దమనుష్యులు వీథి యరుగుమీద కూర్చుండి మాటలాడుకొను తెలుగును, ఉర్దూ పారసీక పదములు వచ్చినచోట వానిని తీసివేయక, అట్లే కాగితముపై నుంచెను. గ్రాంథిక వ్యావహారిక వివాదము చెలరేగుటకు డెబ్బది యేండ్లకు పూర్వపు మాట యిది.

ఆయన 1836లో మరణించెను. లక్ష్మయ్యకు యోగ్యత చాలదని తేల్చిన సంవత్సరమును అదియే. వీరాస్వామయ్య తన గ్రంథము అచ్చులో చూడలేదు. శ్రీనివాసపిళ్ళ ఆ లేఖలను భద్రపరచి, క్రమపరచి, 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అను పేర అచ్చు వేయించెను. సర్కారు సంచయము లక్ష రూపాయలు పలికియు మూలబడినది; మిత్రునికి వ్రాసిన ఉత్తరములు రెండేండ్లలో పుస్తకమై జనుల చేతికి వచ్చినవి. శ్రీనివాసపిళ్ళ పేరు మనము మరచుట న్యాయము గాదు. వ్రాయుమని కోరుట, వ్రాసినది చదువుట, చదివినదానిని పారవేయక దాచుట: ఈ మూడును ఆయన చేసెను.

ఆ తరువాత తరమున ప్రయాణమే మారిపోయినది. సూయెజు కాలువ 1869లో తెరచిరి. పొగయోడ యెక్కి ఇంగ్లండునకు పోయి వచ్చిన పోతము జానకమ్మ అను తెలుగు స్త్రీ తన యాత్రను మొదట తెలుగులో వ్రాసి, పిదప తానే ఇంగ్లీషున చెప్పి, 1876లో చెన్నపట్టణమున ప్రకటించెను. సముద్రము దాటుటయే దోషమని తలచు కాలమున, ఒక గృహిణి పొగయోడను, రైలును, లండను నగరమును కన్నులార చూచి స్వదేశీయులకు వివరించుట సామాన్యమైన సాహసము గాదు. యంత్రములను గూర్చి వ్రాయుట మగవారి పనియని నేటికిని అనుకొనువారు ఆమె పుస్తకము తిరుగవేయుట మంచిది.

నైజాము రాజ్యమునకు రైలు 1874లో వచ్చినది, వాడీనుండి సికింద్రాబాదునకు. 1886లో ఆ దారి మౌలాలి మీదుగా, నాచారమునకు అనతిదూరమున సాగి వరంగల్లు చేరెను. 1889లో బెజవాడను తాకెను. పల్లకిలో పదిదినములు పట్టు దూరము ఒక్క రాత్రిలో గడచుచుండగా, వ్రాయుటకు మజిలీలే మిగులలేదు. బండి యెక్కినవాడు రెండు స్టేషనుల పేర్లు వ్రాసి, నడుమ నిదురపోయెను. నడిమి యూళ్లు యాత్రాచరిత్రలనుండి జారిపోయినవి. వేగము పెరిగిన కొలది చూపు తరుగునని నేననను. కాని వేగముగా పోవువాడు వ్రాయవలెనన్నచో పనిగట్టుకొని చూడవలసివచ్చును.

ఉప్పలు, నాచారములు ఇట్లు జారిపోయిన ఊళ్లలోనివే. ఉప్పలు ఖల్సా, ఉప్పలు కలాను అను రెవెన్యూ పేర్లు మాత్రము పాత లెక్కలను జ్ఞప్తికి తెచ్చును. పొలములు పోయి కర్మాగారములు, పారిశ్రామికవాడ, వానివెంట ఇండ్లు వచ్చినవి. నాచారమున 1976లో నందమూరి తారక రామారావు చలనచిత్ర నిర్మాణశాలను నెలకొల్పెను. 2017 నవంబరులో నాగోలునుండి ఉప్పలు, హబ్సీగూడల మీదుగా మెట్రోరైలు నడువసాగెను. స్టేషనులలో ఒకదానికి భూభౌతిక పరిశోధనా సంస్థ పేరే పెట్టిరి. ఆ బండిలో ప్రతి దినమును పోవు వేలకొలది జనులలో సర్వేయరు ఉండును, ఫిట్టరు ఉండును, గణకయంత్రముతో పనిచేయు యువతి యుండును. హిమాలయములలోనో, ఎడారిలోనో మాసములు గడపి వచ్చిన భూభౌతికుడును ఉండును. అతని ఫీల్డుబుక్కు సంస్థకు చేరినది. ఆ మాసములలో అతడు ఇంటికి ఏమి వ్రాసెనో, లేక ఇపుడు ఎవరికి చెప్పుచున్నాడో, అదియే రాబోవు చరిత్రకారుడు వెదకబోవునది. ఎవరైనను అతనిని అడిగిరా? శ్రీనివాసపిళ్ళవలె నాకు వ్రాయుమని అనిరా?

1941లో దిగవల్లి వేంకటశివరావుగారు వీరాస్వామయ్య గ్రంథమును మరల ప్రకటించిరి. దానిని ఒక చేతను, సర్వేశాఖవారి పటములను మరియొక చేతను పట్టుకొని హైదరాబాదునుండి ఉత్తరముగా చూచుకొనుచు పోయినచో, మేడ్చలు, రామాయంపేట, కామారెడ్డి, నిర్మల వరుసగా కనబడును. నేటి నలుబదినాలుగవ జాతీయ రహదారి ఇంచుమించు ఆ దారినే పోవుచున్నది. పటమున దూరము తప్పులేకుండ ఉండును. ఏ యూరిలో కట్టెలు దొరకునో, ఏ వాగు వానకు పొంగునో తెలియవలెనన్నచో రెండవ పుస్తకమును తెరువవలెను.